గులాబీ పక్కన గుండెకాయ

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే సౌభాగ్య టీచర్‌కి రెండంటే రెండు విషయాలు సరిపడవు. ఒకటి, పాఠం మధ్యలో వినపడే రైలు అనౌన్స్‌మెంటు. రెండోది, ఫోన్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ. రైళ్లను ఆపడం ఆమె చేతిలో లేదు. గుడ్ మార్నింగులనైనా ఆపగలననుకుంది, పాపం.

మనిషి మంచిదే. కోపం ఎక్కువ, అది నిలిచేది తక్కువ. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక, రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. భర్త వామన్‌రావు గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగి. ఎత్తిపొడవకుండా కప్పు చాయ్ కూడా అడగడు. ఆమె పొద్దున్నే టిఫిన్ బాక్సు సంచిలో వేసుకుని, ఆటోల మధ్య తోవ చేసుకుంటూ బడికి నడిచే పోతుంది. దారిలో పాత విద్యార్థి ఎవరైనా నమస్తే పెడితే, వాడి పేరు గుర్తు రాకపోయినా వాడికి రాని పాఠమేదో మాత్రం టక్కున గుర్తొస్తుంది. "కిరణజన్య సంయోగక్రియ ఇప్పుడన్నా వచ్చిందా?" అని నడిరోడ్డు మీద అడిగేస్తుంది. అందుకే ఆమెను చూసి పక్క సందులోకి తప్పుకునే పెద్దమనుషులు ఆబిడ్స్‌లో చాలామందే ఉన్నారు.

ఆ ఏడు ఆమె వంతుకు టెన్త్ బి సెక్షన్ వచ్చింది. పిల్లలు అల్లరి వాళ్లేమీ కాదు. అల్లరి చేసినా బాగుండేది. ప్రశ్న అడిగితే కిటికీ వంక చూస్తారు, లేకపోతే బల్ల వంక చూస్తారు. వాళ్లందరిలోకి చంద్రిక మరీను. మూడో బెంచీలో గోడవైపు కూర్చుంటుంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే గాని, "ఎస్ టీచర్" అన్న మాట ఆ పిల్ల నోట ఎవరూ విన్న పాపాన పోలేదు.

చూసి చూసి సౌభాగ్య టీచర్ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. పాఠాల వీడియోలు పంపింది, పేజీలకు పేజీలు నోట్సు పంపింది. ఒక్కరూ తెరవలేదు. ఆ ఫోన్లు పిల్లలవి కావు మరి. నాయినలవి, తాతలవి, మేనమామలవి. వాళ్లు మాత్రం గ్రూపును దిక్కులేకుండా వదలలేదు. తెల్లారేసరికల్లా గులాబీలు, మందారాలు, ఉదయిస్తున్న సూర్యుడు, ఆవిరి కక్కే చాయ్ కప్పు, వాటి మీద బంగారు అక్షరాలతో శుభోదయం. కళ్లజోడు తుడుచుకుని ఆమె ఒక నోటీసు పెట్టింది: "ఇది చదువు కోసం పెట్టిన గ్రూపు. దయచేసి ఎవరూ గుడ్ మార్నింగులు పంపవద్దు." మర్నాడు ఇంకో నాలుగు ఎక్కువొచ్చాయి. అందులో ఒకటి "సారీ టీచర్, గుడ్ మార్నింగ్" అని.

ఈ పూల గుంపుకంతటికీ నాయకుడు గట్టయ్య. చంద్రిక తండ్రి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, బేగం బజార్‌లో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. అతను పంపే ప్రతి పువ్వు కిందా "మీ గట్టయ్య, ట్రాలీ ఆటో" అని ఉంటుంది. బొమ్మ ఎవరు చేసినా సరే, పాత పేరు తీసేసి కింద తన పేరు పెట్టుకుని ముందుకు పంపడం వాళ్లందరి రివాజు.

సౌభాగ్య టీచర్ అతన్ని బడికి పిలిపించింది. గట్టయ్య తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన చంద్రిక నేల చూస్తూ నిలబడింది.

"గట్టయ్యా, మీ పువ్వుల కింద నా పాఠాలు మునిగిపోతున్నయి. పొద్దున్నే అవి పంపకపోతే మీకు గడవదా?"

"గడవదు టీచరమ్మా," అన్నాడు గట్టయ్య నెమ్మదిగా. "బండి తీసే ముందుగాల దేవునికి దండం బెట్టుకుంట, గటెన్క అందరికి గుడ్ మార్నింగ్ బెడ్త. ఒక్కదినం పెట్టకపోతే ఫోన్ల మీద ఫోన్లు. ఏంది గట్టయ్యా, పానం మంచిగుందా, దవాఖానల గిట్ల పడ్డవా అని."

"అందరు అంటే ఎవరు?"

"సేట్లు, హమాలీలు, మా ఊరోళ్లు, మా బామ్మర్దులు. వాళ్లు మల్ల వాళ్లోళ్లకు పంపుతరు."

"అందరూ తెరిచి చూస్తరా?"

"చూడకుంటెట్ల? చూడంగనే మల్ల వాపస్ పెట్టాలె గద."

సౌభాగ్య టీచర్ కళ్లజోడు తీసింది గాని తుడవడం మరిచిపోయింది. నెలల తరబడి తను బతిమాలినా తెరవని ఫోన్లను ఈ మనిషి ఒక్క గులాబీతో తెరిపిస్తున్నాడు. అతన్ని తిట్టడానికి పిలిపించిన సంగతే ఆమెకు గుర్తు లేదు. "సరే పోయిరండి" అని పంపేసింది. గట్టయ్య గేటు దాకా పోయి, వెనక్కొచ్చి, "మా పిల్లకు నోరు లేదు టీచర్. జర చూడున్రి" అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు గ్రూపులో టీచర్ దగ్గర్నుంచే గులాబీ వచ్చింది. బంగారు అక్షరాలు, మంచు బిందువులు, అన్నీ ఉన్నాయి. శుభోదయం కింద ఒక ముక్క: "ఈ గులాబీ తన అన్నం తానే వండుకుంటుంది. పొయ్యి ఎక్కడుంది?"

బేగం బజార్‌లో మూటలు ఎత్తేవాళ్లు ఆ ముక్క చదివి తలలు గోక్కున్నారు. సాయంత్రం ఇళ్లకు పోయి పిల్లల్ని అడిగారు. నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే పరువు పోతుంది గనక పిల్లలు పుస్తకాలు తీశారు. ఆ రోజుతో మొదలైంది ఈ వ్యవహారం. ఒకరోజు మందారం పెట్టి పువ్వు భాగాలు అడిగింది. ఇంకోరోజు చాయ్ కప్పు పెట్టి, వేడి తగలగానే చెయ్యి వెనక్కి లాక్కోమని ఎవరు చెబుతారని అడిగింది. జవాబు మరుసటి పువ్వుతో వచ్చేది. క్లాసులో పిల్లలు కిటికీ వైపు చూడటం మానేశారు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో మేనేజర్, ఎక్కడిదో తెలియకుండానే, ఆ మందారాన్ని వామన్‌రావుకే చూపించి మురిసిపోయాడు.

"నీ పువ్వు నాకంటే ముందు మా బ్యాంకుకు వచ్చి కూర్చుంది," అన్నాడు వామన్‌రావు ఇంటికొచ్చి. "నాకు మాత్రం పెళ్లయిన కాన్నుంచి ఒక్క గుడ్ మార్నింగ్ చెప్పలేదు."

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. ఒక సాయంత్రం గట్టయ్య ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ప్రెషర్ కుక్కర్ చప్పుడు, ముందు సన్నని గొంతు: "ఆకులల్ల టీచర్. హరితరేణువులల్ల." అంతే. అది చంద్రిక గొంతు. ఆ తర్వాత రోజూ ఒక మాటో, రెండు మాటలో వచ్చేవి. క్లాసులో మాత్రం ఎప్పటిలాగే గోడపక్కన మౌనంగా కూర్చునేది. సౌభాగ్య టీచర్ కూడా పొరపాటున ఆ మాట ఎత్తేది కాదు. ఎత్తితే ఆ గొంతు మళ్లీ లోపలికి పోతుందేమోనని ఆమె భయం.

ఇది కిట్టని మనిషి ఒక్కరే, హెడ్మాస్టర్ సోమయాజులు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చునే మనిషి.

"సౌభాగ్య గారూ, చదువంటే పూలూ పుష్పాలూ కాదండీ. మీ మీద గౌరవం కొద్దీ ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క తప్పు బయటికి పోయినా, ఒక్క ఫిర్యాదు నా బల్ల మీదకొచ్చినా ఆ గ్రూపు ఆ రోజే మూసెయ్యాలి. బడి పేరుతో ఆటలొద్దు."

సరేనంది. తప్పెందుకు పోతుంది, చెప్పేది తనే కదా అనుకుంది.

జనవరిలో పోయింది. నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలై నాంపల్లి రోడ్లన్నీ జనంతో కిక్కిరిసిన రోజులు. పిల్లలకు ప్రీఫైనల్ దగ్గర పడింది. ఆ పొద్దున సౌభాగ్య టీచర్ ఒకవైపు పాలు పొయ్యి మీద పెట్టి, ఇంకోవైపు గుండె బొమ్మతో కార్డు చేస్తోంది. ధమనులకు ఎరుపు, సిరలకు నీలం, అలవాటైన చెయ్యి చకచకా రంగులు పూసింది. తీరా గులాబీ పెట్టబోతే అది సరిగ్గా గుండెలో ముఖ్యమైన గది మీదే కూర్చుంది. పువ్వు లేకపోతే ఎవరూ పంపరాయె. వేలితో ఒక్కటి నొక్కి గుండె బొమ్మను కుడి ఎడమలు మారేటట్టు తిప్పేసింది. చోటు కుదిరింది. బొమ్మ తిరిగింది గాని, పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అంతలో పాలు పొంగొచ్చాయి. ఒక చేత్తో స్టవ్ ఆర్పి, రెండో చేత్తో కార్డు పంపేసింది.

మూడో పీరియడ్‌లో బోర్డు దగ్గర నిలబడి అడిగింది: "శరీరమంతటికీ రక్తాన్ని పంపేది ఏ జఠరిక?"

"కుడి జఠరిక టీచర్," అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

ఆమె సర్వీసులో ఒక క్లాసు మొత్తం కలిసి జవాబు చెప్పడం అదే మొదటిసారి. అదీ తప్పు జవాబు.

"ఎడమ జఠరిక రా. కుడి అని ఎవరు చెప్పిన్రు మీకు?"

"మీరే చెప్పిన్రు టీచర్. పొద్దుగాల."

సౌభాగ్య టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. స్టాఫ్ రూముకు పోయి ఫోన్ తెరిచింది. గ్రూపులోంచి కార్డును తీసేసింది గాని, గ్రూపు దాటిపోయిన దాన్ని ఎవరు తీస్తారు? అది అప్పటికే పాలవాడి పేరుతో తిరిగి ఆమె ఫోన్లోకి వచ్చి ఉంది. జాకెట్లు కుట్టే దర్జీ పేరుతో వచ్చింది. చాదర్‌ఘాట్‌లో ఉన్న ఆడబిడ్డ పేరుతో, "వదినా, ఇది మీ పిల్లలకు పనికొస్తుందేమో చూడు" అన్న సలహాతో సహా వచ్చింది. ఈ ఊళ్లో, ఇంకెన్ని ఊళ్లలోనో పిల్లలు ఇప్పుడు కుడి అని చదువుకుంటున్నారు. వాళ్లు పరీక్షలో కుడి అనే రాస్తారు.

నోరు మూసుకుంటే ఆ క్లాసు దాటి ఈ బడిలో ఎవరికీ తెలియదు. పిల్లలకు క్లాసులో చెప్పేసి ఊరుకోవచ్చు. చెప్పుకుంటే హెడ్మాస్టర్ గ్రూపు మూయిస్తాడు. గ్రూపు మూస్తే, కుక్కర్ చప్పుడు మధ్య నుంచి వచ్చే ఆ సన్నని గొంతు ఇక రాదు. ఆమె మనసు పీకిందంతా ఆ గొంతు కోసమే. తప్పు చేసినందుకు కోపం తన మీదే వచ్చింది, అది ఎప్పటిలా చప్పున చల్లారలేదు కూడా. మధ్యాహ్నం బాక్సు తెరవకుండానే హెడ్మాస్టర్ గదికి పోయింది.

ఆయన ఆమె చెప్పింది వినకముందే తన ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిప్పాడు. అదే గులాబీ, అదే గుండె. కింద "సోమయాజులు, ప్రధానోపాధ్యాయుడు" అని ఉంది.

"సార్, మీరు కూడానా?"

"బాగుంటున్నాయని ఈమధ్య పంపుతున్నానండీ," అన్నాడు ఆయన ఎటో చూస్తూ. "హెడ్మాస్టర్ల గ్రూపు ఒకటుంది మాకు. అందులో ఒక జువాలజీ ఆయన ఉన్నాడు. పొద్దుట్నుంచి నన్ను పీక్కు తింటున్నాడు. మీ గుండె ఏ వైపు ఉందండీ అని."

ఆమెకు నవ్వొచ్చింది. గట్టిగా పంటి కింద నొక్కిపెట్టింది. "తప్పు నాదే సార్. మీరు అన్న ప్రకారమే గ్రూపు మూసేస్తాను."

"మూసేస్తే నా పేరు ఆ తప్పు కింద అట్లాగే ఉండిపోదుటండీ?" అన్నాడు సోమయాజులు, మొదటిసారి చొక్కా నలిగేటట్టు ముందుకు వంగి. "రేపు సాయంత్రం దాకా టైమిస్తున్నాను. ఇది ఎంత దూరం పోయిందో అంత దూరం సరైనది పోవాలి. పోలేదా, అప్పుడు మూసేద్దురుగాని."

ఆయన సులువుగా చెప్పాడు. ఆమె సవరణ అని నాలుగు లైన్లు రాసి, పంపేముందు ఎందుకో గట్టయ్యకు ఫోన్ చేసి చదివి వినిపించింది.

"గిట్లాంటిది ఎవ్వరు ముంగటికి పంపరు టీచరమ్మా," అన్నాడు గట్టయ్య మొహమాటం లేకుండా. "సారీ గిట్ల ఎవరికి గావాలె? పువ్వుండాలె. జర మజా ఉండాలె."

మర్నాటి పొద్దున పాలు పొయ్యి మీద పెట్టకుండా కూర్చుంది. నిన్నటి గులాబీనే, నిన్నటి గుండెనే, తప్పుతో సహా మళ్లీ పెట్టింది. కింద పెద్ద అక్షరాలతో రాసింది: "నిన్నటి ఈ శుభోదయంలో ఒక తప్పుంది. చేసింది నేనే, సౌభాగ్య టీచర్‌ని. ఎక్కడుందో కనుక్కోండి చూద్దాం." పంపేసి, చాయ్ లేక ముఖం ముడుచుకున్న భర్త వైపు చూసింది.

"ఊరందరికీ నీ తప్పు వెతికే పని పెట్టావా?" అన్నాడు వామన్‌రావు. "ఇన్నేళ్లుగా ఆ పని నేనొక్కణ్నే చేస్తున్నాను."

ఊరు ఊరంతా వెతికింది. టీచర్ తప్పు పట్టుకోవడం కంటే పిల్లలకు కావలసిందేముంటుంది? జఠరిక సంగతి నిన్ననే విన్నా, బొమ్మలో తప్పెక్కడో పట్టుకోవాలని టెన్త్ బి అంతా ప్రార్థన గంట కొట్టకముందే పుస్తకాలు తెరిచి వరండాలో కూర్చుంది. పెద్దవాళ్లు కూడా తక్కువ తినలేదు. బేగం బజార్‌లో సేట్లు గల్లా దగ్గర ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కుడి ఏది, ఎడమ ఏది అని వాదించుకున్నారు. ఒక పెద్దాయన గుండె ఆకారమే తప్పు, పేకముక్క మీద ఉన్నట్టు ఉండాలన్నాడు. ఆడబిడ్డ, గులాబీ పసుపుపచ్చది పెట్టాల్సిందని తేల్చింది. బ్యాంకు మేనేజర్ కూతురు, సోమయాజులు గారి జువాలజీ మిత్రుడు, ఎక్కడో పాలమూరు పల్లెలో గట్టయ్య బామ్మర్ది కొడుకు, అందరి నుంచీ ఒకటే జవాబు రాసాగింది: కుడి ఎడమలు తారుమారయ్యాయి. తప్పు ఎంత దూరం పోయిందో, దాని వెనకే సరైనదీ పరుగెత్తుకుంటూ పోయింది. సౌభాగ్య టీచర్ గుండె అప్పటికి కుదుటపడింది.

సాయంత్రం బడి వదిలాక ఆమె పోస్టాఫీసు దాకా వచ్చేసరికి ఫోన్ మోగింది. గట్టయ్య నంబరు నుంచి వాయిస్ మెసేజ్. ఫుట్‌పాత్ పక్కకు జరిగి చెవి దగ్గర పెట్టుకుంది.

"గుడ్ మార్నింగ్ టీచర్," అంది చంద్రిక, సాయంత్రమైనా సరే. "కుడి ఎడమ గడ్‌బడ్ అయింది, అది అందరు జెప్పిన్రు. ఇంకోటి గూడ ఉంది టీచర్. ధమని అనంగనే మీరు ఎర్ర రంగు వేసిన్రు. ఊపిరితిత్తులకు పోయే ధమనిల పోయేది చెడు రక్తం గద. అది నీలం ఉండాలె. ఆడికెల్లి వాపస్ వచ్చే సిర ఎర్రగుండాలె. నేను బుక్కుల మూడుసార్లు చూసిన టీచర్. ఏమనుకోకున్రి."

ఆమె అక్కడే సంచిలోంచి పుస్తకం తీసింది. చూడక్కర్లేదు, ఆమెకు తెలుసు. ఏటేటా పిల్లలకు ఇదొక్కటి మరిచిపోవద్దని బల్ల గుద్ది చెప్పేదీ తనే. తప్పొకటేనని ఊరందరి ముందు చెప్పుకున్నదీ తనే. ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ వెంటనే పట్టరాని సంతోషం వచ్చింది. జువాలజీ ఆయనకు కనపడలేదు, హెడ్మాస్టర్‌కి కనపడలేదు, మూడో బెంచీలో గోడపక్కన కూర్చునే పిల్లకు కనపడింది. ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నా వినపడక, ఆ మెసేజ్‌నే మళ్లీ మళ్లీ విన్నది.

మర్నాడు క్లాసులో సుద్దముక్క ఎత్తి పట్టుకుంది. "నా కార్డులో తప్పు ఒకటి కాదు, రెండున్నయి. రెండోది పట్టుకున్నది ఒక్కరే. వాళ్లకు ఇష్టమైతే వచ్చి బోర్డు మీద గీయొచ్చు. లేకుంటే నేనే గీస్తా, ఫికర్ లేదు."

ఎవరి పేరూ చెప్పలేదు. బయట ఏదో రైలు రెండో నంబర్ ప్లాట్‌ఫాం మీదకు వస్తోందని అనౌన్స్‌మెంటు మొదలైంది. అది తెలుగులో అయింది, హిందీలో అయింది, ఇంగ్లీషులో కూడా అయిపోయింది. మొదటిసారి సౌభాగ్య టీచర్‌కి దాని మీద కోపం రాలేదు. అప్పుడు మూడో బెంచీ కిర్రుమంది. చంద్రిక లేచొచ్చి, సుద్దముక్క అందుకుని, క్లాసు వైపు వీపు పెట్టి గుండె గీసింది. నీలం సుద్దతో ఊపిరితిత్తులకు పోయే ధమని గీసి, ఎందుకో చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. వెనక బెంచీ దాకా వినపడింది.

సోమయాజులు గారికి చంద్రిక పట్టుకున్న రెండో తప్పు సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. "అది కూడా నా పేరుతోనే పోయిందాండీ?" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "రేపటి కార్డు ఆ అమ్మాయినే చెయ్యమనండి" అన్నాడు. గ్రూపు మూసే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ మరుసటి పొద్దున సౌభాగ్య టీచర్ లేచేసరికే ఫోన్ టింగుమంది. తెల్లకాగితం మీద చేత్తో గీసిన గుండె, పక్కన రంగు పెన్సిళ్లతో గులాబీ. రేకులు కాస్త వంకరగానే ఉన్నాయి. ఆమె కళ్లజోడు పెట్టుకుని కుడి చూసింది, ఎడమ చూసింది, ఎరుపు చూసింది, నీలం చూసింది. వెతికి వెతికి చూసినా ఒక్క తప్పూ దొరకలేదు.

పంపింది గట్టయ్య. బేగం బజార్‌కూ, హమాలీలకూ, ఊళ్లో బామ్మర్దులకూ అప్పటికే పంపేసి ఉంటాడు. అలవాటు ప్రకారం కింద ఎవరి పేరు పెట్టుకున్నాడోనని ఆమె బొమ్మను పైకి జరిపింది. ఎప్పుడూ "మీ గట్టయ్య, ట్రాలీ ఆటో" అని ఉండే చోట, అవే బంగారు అక్షరాలతో, "చంద్రిక నాయిన" అని ఉంది.